రెండంగుళాల దరఖాస్తు

పెదవాగు నడిమధ్యన ఒక రాయి ఉంది. నీళ్ళు మోకాటి లోతుకి వస్తే అది కనబడదు. లొద్దివలస వాళ్ళు దానికి అత్తరాయి అని పేరు పెట్టారు. ఖాళీ బండి వెళ్తే పలకరించనైనా పలకరించదు, మనుషుల్ని ఎక్కించుకుని తిరిగి వస్తే మాత్రం కింద నుంచి పట్టుకుని వదలదు. ఊళ్ళో అత్తగార్లు ఆ పేరుకి అభ్యంతరం చెప్పకపోలేదు గానీ, పేరు మారలేదు.

ఆ వాగు దాటి కొండ మీది పురిటి కేసుల్ని ఆసుపత్రికి చేర్చడం దాలినాయుడి ఉద్యోగం. కొండప్రాంత ప్రజాసంచార సేవా సమన్వయ సంస్థలో ఇరవై రెండేళ్ళ నుంచి జీపు డ్రైవరు. సంస్థ పేరు అంత పొడుగ్గా ఉన్నా, సంచారం చేసేదీ, సేవ చేసేదీ ఆ ఒక్క జీపే. మిగతావాళ్ళందరూ సమన్వయం చేస్తారు.

కిందటేడు భాద్రపదంలో లొద్దివలస సుకురమ్మను పురిటికి తీసుకొస్తుంటే జీపు అత్తరాయి మీద కూర్చుంది. బరువుకి కుంగి ఉంది కదా, గేరుబాక్సు కింద రాయి ఇరుక్కుంది. తొయ్యని వాడు పాపాత్ముడు. గంటన్నర పట్టింది. ఈలోగా బిడ్డ ఆ వెనక సీట్లోనే పుట్టింది. ఏడవలేదు. సుకురమ్మ కూడా ఏడవలేదు, బిడ్డను ఒళ్ళో పెట్టుకుని నీళ్ళకేసి చూస్తూ కూర్చుంది. నీ తప్పేం లేదురా అని దాలినాయుడికి అందరూ చెప్పారు. ఇంటిదీ చెప్పింది, డాక్టరమ్మా చెప్పింది. అతను వినేవాడు, తలూపేవాడు, ఒక్క ముక్క నమ్మేవాడు కాదు.

ఆ ఫాల్గుణంలో లొద్దివలస వెళ్ళినప్పుడు సుకురమ్మకు నాలుగో నెల అని తెలిసింది. వేళ్ళు మడిచి లెక్కేశాడు. శ్రావణం. వాగు నిండుగా ఉండే రోజులు. అక్కడి నుంచి బండిని తిన్నగా పట్నంలో మెకానిక్ ఖాదర్ షెడ్డుకి పోనిచ్చాడు.

ఖాదర్ బండి కిందికి దూరి, కొలిచి, బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. టైరు ఒక సైజు పెద్దది వేస్తే బండి అంగుళం లేస్తుంది, కానీ ఆ టైరు మడ్‌గార్డుకి రాసుకుంటుంది. బండి బరువు మోసే కమాను పట్టీలు మార్చి ఇంకో అంగుళం ఎత్తితే రాపిడి పోతుంది, అత్తరాయి దండం పెట్టి దారిస్తుంది అన్నాడు. మొత్తం రెండంగుళాలు. మరో రెండు వేస్తే ఇంకా మంచిది కాదా అని దాలినాయుడు ఆశపడ్డాడు.

"కూరలో ఉప్పు లాటిది నాయుడూ ఇది," అన్నాడు ఖాదర్. "సరిపడా ఉంటేనే రుచి. ఎత్తు పెంచుకుంటా పోతే ఎక్కడో ఓ పల్లంలో బండి పక్కకి తిరిగి పడుకుంటాది. ఆ తరవాత లేపడం నా వల్ల కాదు."

ఇరవై రెండేళ్ళలో సెలవు చీటీలు తప్ప ఏమీ రాయని దాలినాయుడు, తన రాతకి తానే భయపడుతూ, రెండంగుళాలు ఇప్పించవలసిందని దరఖాస్తు పెట్టుకున్నాడు. ఆ మాత్రం దానికి ఎవరేమంటారులే అనుకున్నాడు. అమాయకుడు.

దరఖాస్తు సూపరింటెండెంటు చయనులు గారి బల్ల మీదికి వెళ్ళింది. చయనులు గారు చెడ్డవారు కాదు. నిబంధన అడ్డం రానంతవరకు ఆయనంత దయగల మనిషి జిల్లాలో లేడు. ఆయన ప్రాణమంతా పద్నాలుగో నిబంధన మీద ఉండేది. కింది ఉద్యోగి ఆసనము పై అధికారి ఆసనముకన్న ఎట్టి పరిస్థితులలోను ఎత్తుగా ఉండరాదు అని దాని సారాంశం. ఆ ప్రకారం ఆ ఆఫీసులో డిప్యూటీ డైరెక్టరు గారి కుర్చీ చెక్క వేదిక మీద ఉంటుంది. చయనులు గారి కుర్చీకి రెండు దిళ్ళు, గుమాస్తాలకి ఒక దిండు, అటెండరు స్టూలుకి కాళ్ళు కోసి ఉంటాయి. నడుం నొప్పని ఓ గుమాస్తా రెండో దిండు వేసుకున్నందుకు మెమో అందుకున్నాడు. ఆ దిండు సాక్ష్యం కింద ఇప్పటికీ బీరువాలో ఉంది.

అంత జాగ్రత్తగల మనిషి టేపు పట్టుకుని స్వయంగా చెట్టు కింద ఆపిన జీపు దగ్గరికి వచ్చి సీటు ఎత్తు కొలిచారు. నేల నుంచి ముప్ఫై నాలుగు అంగుళాలు. తర్వాత డిప్యూటీ డైరెక్టరు గారి కారు సీటు కొలిచారు. ఇరవై. చయనులు గారు మళ్ళీ కొలిచారు. టేపు తిరగేసి కొలిచారు. అప్పుడు చెట్టు అరుగు మీద కూలబడి మంచినీళ్ళు అడిగారు. పదకొండేళ్ళుగా, ఆ జీపు కొన్న నాటి నుంచీ, ఒక డ్రైవరు తన అధికారికన్నా పద్నాలుగు అంగుళాలు ఎత్తున కూర్చుని, రోడ్డు మీద పట్టపగలు నలుగురూ చూస్తుండగా తిరుగుతున్నాడు. దొంగకి తాళాలిచ్చినట్టయింది తన పని అని ఆయన వాపోయారు.

కాస్త తేరుకున్నాక పరిష్కారం ఆలోచించారు. జీపుని పదిహేను అంగుళాలు కిందికి దించాలి. లేదా డిప్యూటీ డైరెక్టరు గారి వాహనాన్ని పైకి ఎత్తాలి.

పదిహేను దించితే జీపు పొట్ట నేల మీద ఈడ్చుకుంటూ పోతుంది. వాగు మాట దేవుడెరుగు, ఆఫీసు గేటు దగ్గర గుంట కూడా దాటదు.

"బాబూ, పెద్దాయన బండే లేపండి," అనేశాడు దాలినాయుడు.

అన్నాక నాలిక కరుచుకున్నాడు. అప్పటికే చయనులు గారు రాసుకుంటున్నారు.

డిప్యూటీ డైరెక్టరు మృత్యుంజయరావు గారికి ఈ సంగతి పండగలా తోచింది. ఆయనకి ఫోనులో బురద బండ్ల వీడియోలు చూసే అలవాటు. భోజనాల వేళ పెరుగన్నం కలుపుకుంటూ, ఎక్కడో ఎడారిలో ఎవరో బండిని గుట్ట ఎక్కిస్తుంటే తానే ఎక్కిస్తున్నట్టు పళ్ళు బిగించేవారు. నలభై మూడేళ్ళ జీవితంలో ఆయన తారు రోడ్డు దిగలేదు. అయినా టైర్ల గురించి అడిగితే మాత్రం గంట మాట్లాడేవారు. దాలినాయుడు నిలబడి విన్నాడు. మట్టి టైరుకీ, రాతి టైరుకీ తేడా, గీతల లోతు, గాలి ఎంత తగ్గించాలి, అన్నీ విన్నాడు. ఆఖర్న, వాగులో నీళ్ళు ఎంత ఉంటాయని మాత్రం ఆయన అడగలేదు.

లెక్క ఇలా తేలింది. రెండంగుళాలు పెరిగితే జీపు సీటు ముప్ఫై ఆరు. అధికారికి, కింది ఉద్యోగికి నడుమ గౌరవప్రదమైన అంతరం నాలుగు అంగుళాలుగా నిర్ణయించారు. కాబట్టి డిప్యూటీ గారికి నలభై. ఆయనకి నలభై అయితే ప్రాంతీయ అధికారికి నలభై నాలుగు, అదనపు డైరెక్టరుకి నలభై ఎనిమిది, డైరెక్టరు గారికి యాభై రెండు. ఆ పైన మంత్రిత్వ శాఖ ఉంది గానీ, వాళ్ళు మిద్దె మీద కూర్చుంటారు కాబట్టి ఇబ్బంది లేదని చయనులు గారు ఊపిరి పీల్చుకున్నారు.

ఇంత పని ఒక్కరి వల్ల అయ్యేది కాదు గనక ఔన్నత్య నిర్ధారణ సంఘం ఏర్పడింది. నిపుణుడి కింద ఖాదర్‌ని పిలిపించి, దిండు లేని బల్ల మీద కూర్చోబెట్టారు. రెండంగుళాలు చాలు, మించితే బండి బోల్తా కొడతాది, మీకు దణ్ణం పెడతాను, అని అతను మూడుసార్లు చెప్పాడు. సమావేశపు నివేదికలో ఇలా రాశారు: "నిపుణుడు ఎత్తు పెంపు పట్ల అనుకూలత వ్యక్తపరచి, సంఘమునకు నమస్కరించెను."

చైత్రం పోయింది, వైశాఖం పోయింది. ఒక్కొక్క బండీ లేస్తోంది. డిప్యూటీ గారి కొత్త బండి టైర్లు దూడల ఎత్తున ఉన్నాయి. ప్రాంతీయ అధికారి బండికి ఎక్కడానికి రెండు మెట్లు బిగించారు. డైరెక్టరు గారి బండి తయారయ్యాక దాని పక్కన నిలబడితే మనిషికి టైరు ఛాతీ దాకా వచ్చింది. దానికి మెట్లు చాలక నిచ్చెన, నిచ్చెన పట్టుకోవడానికి ఆరోహణ సహాయకుడు అని కొత్త ఉద్యోగం వచ్చాయి. బండి హెడ్డాఫీసు పోర్టికోలో పట్టలేదు, పోర్టికో కొట్టేశారు. గేటు మీది కమాను పట్టనివ్వలేదు, సంస్థ పేరుతో సహా కమాను తీసేశారు. దాంతో అక్కడ ఏ ఆఫీసు ఉందో కొత్తవాళ్ళకి తెలియకుండా పోయింది. పాతవాళ్ళకీ అంతంత మాత్రమే.

పాపం డైరెక్టరు గారికి ఎత్తంటే కళ్ళు తిరుగుతాయి. ఆ మాట పైకి చెప్పుకోలేరు కదా. రోజూ పదింటికి నిచ్చెనెక్కి, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చునేవారు. బండి కదిలితే ప్రమాదమని డ్రైవరు కదిలించేవాడు కాదు. ఫైళ్ళు బుట్టలో పెట్టి తాడుతో పైకి లాగేవారు, సంతకాలై కిందికి వచ్చేవి. కళ్ళు మూసుకుని పెట్టిన సంతకాలకీ, మునుపటి వాటికీ ఏ తేడా లేదని అందరూ ఒప్పుకున్నారు.

ఆషాఢంలో, పై వాళ్ళందరి ఎత్తులూ తీరాక, జీపు వంతు వచ్చింది. ఖాదర్ షెడ్డుకి నాలుగు టైర్లు, నాలుగు కమాను పట్టీల కట్టలు చేరాయి. ఒక్క పూట పని. దాలినాయుడు పొద్దున్నే స్నానం చేసి, జీపు కడిగి, నిమ్మకాయ కట్టి బయల్దేరబోతుంటే చయనులు గారు ఆపారు. ఎత్తు పెరిగిన జీపు వాగు దాటడం సంస్థ చరిత్రలో మొదటిసారి. అలాంటి దాటుడులో కింది వాహనం పై అధికారి వాహనంకన్నా ముందు దాటడం మర్యాద కాదు. డైరెక్టరు గారు మొదట దాటాలి. ఆ తర్వాత వారి చేతుల మీదుగా పట్టీలు ఖాదరుకి అందాలి, బిగించాలి, జీపు దాటాలి. ముహూర్తం శ్రావణంలో రెండో గురువారం. అంతవరకు సరుకు స్టోరులో ఉంటుంది.

దాలినాయుడు రెండు చేతులూ జోడించాడు. "బాబూ, సుకురమ్మకి ఆ రోజులే," అన్నాడు. "కిందటేడు ఏటయిందో మీకు తెలుసు. ఆ పిల్లకి నేను మాటిచ్చినాను. ఈసారి రాయి మీద కూకోబెట్టను అన్నాను."

చయనులు గారికి నిజంగానే జాలేసింది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"కాన్పు తేదీని ఒక నెల ముందుగా లిఖితపూర్వకంగా తెలియజేసి ఉంటే కార్యక్రమంలో చేర్చేవాళ్ళం కదయ్యా," అన్నారు.

శ్రావణం రెండో గురువారం వచ్చింది. మబ్బు పట్టి ఉంది. పెదవాగు ఇవతలి ఒడ్డున షామియానా, దాని కింద హోదా వరసలో ఎత్తు తగ్గుతూ కుర్చీలు. పళ్ళెంలో పసుపు కుంకుమ పూసిన కమాను పట్టీలు. పక్కనే పాత ఎత్తులోనే జీపు, మెడలో బంతిపూల దండ. డైరెక్టరు గారి బండి అంత దూరం నుంచి వచ్చేసరికి నాలుగు చోట్ల కరెంటు తీగలు పైకెత్తి పట్టవలసి వచ్చిందట. వాగు మోకాలు దాటి తొడల దాకా పారుతోంది.

ఉపన్యాసం మధ్యలో దాలినాయుడు అవతలి ఒడ్డుకేసి చూశాడు. లొద్దివలస దారిన డోలీ దిగుతోంది. వెదురు బొంగుకి కట్టిన దుప్పటి, ముందు ఇద్దరు, వెనక ఇద్దరు. జీపు రాలేదని చూసి చూసి మోసుకొచ్చేశారు. డోలీలోంచి ఒక చెయ్యి బయటికి వేలాడుతోంది, దానికి ఆకుపచ్చ గాజులు. అవి ఎవరివో అతనికి తెలుసు. మేడారం జాతరకి పోయినప్పుడు తన ఇంటిదే కొని ఇచ్చింది.

పరుగున వెళ్ళి చయనులు గారి చెవిలో చెప్పాడు. డైరెక్టరు గారు దాటగానే చూద్దాం, రెండు నిమిషాలు, అన్నారాయన. అప్పటికే నిచ్చెన తీసేశారు.

బండి వాగులోకి దిగింది. గొప్పగా దిగింది, కాదనకూడదు. అత్తరాయి దానికి తగల్లేదు సరికదా, దాని కింద ఒక రాయి ఉన్నట్టు కూడా ఆ బండికి తెలియలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. రాయి దాటి బారెడు దూరం పోయాక ఎడమ వైపు పల్లం వచ్చింది. బండి కొంచెం ఒరిగింది. ఖాదర్ తల తిప్పేసుకున్నాడు. బండి ఇంకొంచెం ఒరిగి, ఏ తొందరా లేకుండా, భోజనం చేసిన మనిషి నడుం వాల్చినట్టు దారికి అడ్డంగా పడుకుంది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. డ్రైవరు తడిసి ముద్దయి ఒడ్డుకి వచ్చేశాడు. డైరెక్టరు గారు పై తలుపులోంచి బయటికి వచ్చి, పడుకున్న బండి మీద కూర్చున్నారు. ఇన్ని నెలల్లో ఆయన కళ్ళు తెరిచి కూర్చోవడం అదే మొదటిసారి. చుట్టూ నీళ్ళు చూసి మళ్ళీ మూసుకున్నారు.

ఒడ్డున కలకలం రేగింది. డిప్యూటీ గారి బండిని పంపుదామంటే, పై అధికారి వాహనాన్ని కింది అధికారి వాహనం ఈడ్వకూడదు. చివరికి చయనులు గారి చూపు డోలీ మీద పడింది. అవతలి ఒడ్డుకి వినబడేలా కేక వేయించారు. డోలీలోని మనిషిని తాత్కాలికంగా దింపి, ముందుగా డైరెక్టరు గారిని తేవాలి. తిరుగు ప్రయాణంలో ఆమెకు ప్రాధాన్యం ఇవ్వబడుతుంది.

మోసేవాళ్ళు డోలీ దించలేదు, కదలనూ లేదు. పెద్దవాళ్ళ మాట, కాదనడం ఎలాగో వాళ్ళకి తెలియదు. దాలినాయుడికి మాత్రం తెలుసా? ఇరవై రెండేళ్ళలో అతను చిత్తం బాబూ అనని రోజు లేదు. ఇప్పుడూ కాదనలేదు. ప్యాంటు మడతపెట్టి, చెప్పులు విడిచి, నీళ్ళలోకి దిగిపోయాడు. అత్తరాయి ఎక్కడుందో కాళ్ళకి తెలుసు, దాన్ని తప్పుకుని అవతలికి చేరాడు. వెనక మోసేవాళ్ళలో ముసలాయన వణుకుతుంటే పక్కకి తప్పించి, బొంగు తన భుజానికెత్తుకున్నాడు. దుప్పట్లోంచి సుకురమ్మ అతని మొహం చూసింది. పళ్ళ బిగువున నొప్పి ఆపుకుంటోంది.

"పదండ్రా," అన్నాడు.

దారి ఆ పడుకున్న బండి పక్కనుంచే. డోలీ తన కోసమే వస్తోందని డైరెక్టరు గారు రెండు కాళ్ళూ చాపి సిద్ధంగా ఉన్నారు.

"కాళ్ళు కాస్త తియ్యండి బాబూ, పిల్లకి తగుల్తాయి," అన్నాడు దాలినాయుడు.

ఆయన తీశారు. డోలీ దాటిపోయింది. ఒడ్డెక్కి, షామియానా ముందు నుంచే నడిచి, సుకురమ్మను జీపు వెనక సీట్లో పడుకోబెట్టారు. దండ తీసే తీరిక కూడా లేక, బంతిపూలతోనే జీపు పట్నం వెళ్ళింది. ఆసుపత్రిలో అడుగుపెట్టిన పావుగంటకి ఆడపిల్ల పుట్టింది. గేటు దగ్గర నిలబడ్డ దాలినాయుడికి వినబడేంత గట్టిగా ఏడ్చింది. అతను జీపు బానెట్ మీద తల ఆనించి తనూ ఏడ్చాడు. ఎవరైనా చూస్తారేమోనన్న ఆలోచన కూడా రాలేదు.

డైరెక్టరు గారిని సాయంత్రం రెండో విడత డోలీలో తెచ్చారు.

వారం తిరక్కుండా దాలినాయుడికి మెమో వచ్చింది. ఘటనా సమయంలో డైరెక్టరు గారి ఆసనము నీటిమట్టము నుండి ఇరవై ఒక్క అంగుళాలు, సదరు డోలీ ముప్ఫై అంగుళాలు, కాబట్టి తొమ్మిది అంగుళాల అతిక్రమణకు సంజాయిషీ ఏమి అని. విచారణ సంఘం కూడా తన నివేదిక ఇచ్చింది. వాగు దాటుటకు డోలీయే శ్రేష్ఠమని రుజువైనందున జీపుకి రెండంగుళాల అవసరం లేదని తేల్చింది. పసుపు కుంకుమలతో సహా కమాను పట్టీలకి లక్క సీలు వేసి స్టోరులో పెట్టేశారు.

సంజాయిషీ రాయడం దాలినాయుడికి చేతకాలేదు. తెల్లకాగితం ముందు మూడు రోజులు కూర్చున్నాడు. నాలుగో రోజు చయనులు గారు కబురు పెట్టి, ఆ కాగితం తీసుకుని, ఎవరూ అడక్కుండానే తన చేత్తో తానే రాశారు. డోలీలో కూర్చున్నది డ్రైవరు కాదు, ఆమె సంస్థ ఉద్యోగి కాదు, ప్రజలలో ఒకరు. ప్రజలు ఎంత ఎత్తున ఉండవచ్చునో నిబంధనలలో ఎక్కడా లేదు. అటువంటి సందర్భం రాగలదని రాసినవారు ఊహించలేదు. ఇంతటితో ముగింపు. రాసి, సంతకం పెట్టి, ఫైలు కట్టేశారు.

ఇక వాగులో బండి సంగతి. కింది బండ్లు దాన్ని ఈడ్వకూడదు. క్రేను తెప్పిద్దామంటే క్రేను డ్రైవరు సీటు తొమ్మిదడుగుల పైన ఉంటుంది. ఉత్తరాలు నడుస్తున్నాయి. ఈలోగా వాగు రెండుసార్లు పొంగింది. కొట్టుకొచ్చిన మానులూ, రాళ్ళూ, ఇసకా ఆ బండికి అడ్డుపడి ఆగిపోయాయి. లొద్దివలస వాళ్ళు వచ్చి సందుల్లో గుండ్రాళ్ళు కూరారు, పైన వెదురు తడికలు పరిచారు, ఒడ్డు నుంచి ఒడ్డుకి కట్టలా మట్టి పోసి తొక్కారు. ఆ టైర్ల రబ్బరు గట్టిది, ఎంత నీరు కొట్టినా చెక్కుచెదరలేదు.

నెల తిరిగాక సుకురమ్మను బిడ్డతో సహా ఊళ్ళో దింపడానికి దాలినాయుడు బయల్దేరాడు. జీపు పాత ఎత్తే, పాత టైర్లే. వాగు నిండుగా ఉంది. అతను మొదటి గేరులో మెల్లగా ఆ మట్టి కట్ట ఎక్కించాడు. కింద డైరెక్టరు గారి బండి, పైన జీపు, దాంట్లో ఒళ్ళో బిడ్డతో సుకురమ్మ. అత్తరాయి ఎక్కడో అడుగున ఉండిపోయింది.

మట్టిలోంచి ఒక పెద్ద టైరు అంచు పైకి కనబడుతోంది. సుకురమ్మ తొంగి చూసింది.

"ఇది ఎవులు బండన్నా?"

"మా డైరెట్రు బాబుది."

సుకురమ్మ బిడ్డ తల మీద కొంగు సర్దింది.

"మంచోడు," అంది. "మనకోసం ఇక్కడ ఒగ్గేసి ఎల్లిపోనాడు."